నేలలోని ప్రాణము, లోహపు విషము

బీదరు నగరమున బిద్రీ పనివారి దుకాణములలో కొంతసేపు కూర్చుండి చూచినవారికి, మట్టికిని లోహమునకును గల సంబంధము ఎంత విచిత్రమైనదో పుస్తకముల సహాయము లేకయే తెలియును. ఇంచుమించు పదునారు పాళ్ళు జింకునకు ఒక పాలు రాగి చొప్పున కలిపి పోతపోసిన పాత్రపై వెండితీగను పొదిగి, నునుపుచేసి, తుదకు బీదరు కోటలో ఎండవానలు సోకక తరతరములు పడియుండిన మట్టిని నవాసారముతో కలిపి నీట మరగించి, ఆ ద్రవమును పాత్రకు పట్టించినప్పుడు, జింకు మిశ్రమము గాఢమైన నలుపునకు తిరుగును. వెండి మాత్రము తన తెలుపును విడువదు. మంచి మట్టిని ఎన్నుకొనుటకు పనివారు దానిని నాలుకపై వేసికొని రుచిచూతురు. ఆ మట్టికి ఈ శక్తి అందులోని సురేకారము వలన, అనగా నైట్రేటు లవణము వలన, కలిగినదని రసాయనశాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళను గూర్చి వ్రాయువారందరును వెండిని, నగిషీని, బహమనీ సుల్తానుల ఆదరణను పొగడుదురు గాని, ఆ సురేకారము మట్టిలోనికి ఎట్లు వచ్చినదను ప్రశ్న వేయువారు అరుదు.

ఆ ప్రశ్నకు సమాధానము 1877లో ఫ్రాన్సు దేశమున లభించినది. ష్లోజింగు, మ్యూంట్జు అను ఇరువురు శాస్త్రజ్ఞులు మురుగునీటిని ఇసుకగుండ మెల్లమెల్లగా పారించి, అందులోని అమ్మోనియా కొంతకాలమునకు నైట్రేటుగా మారుటను గమనించిరి. ఆ ఇసుకకు క్లోరోఫారము ఆవిరిని పట్టించినంతనే మార్పు నిలిచిపోయినది. ప్రాణమున్నదే గాని మత్తుమందునకు లొంగదు గనుక, ఈ పని చేయునవి ప్రాణులేయని వారు నిశ్చయించిరి. కొలది సంవత్సరములకు రష్యా దేశీయుడైన వినోగ్రాడ్‌స్కీ ఆ ప్రాణులను విడదీసి చూపెను. అవియే నైట్రీకరణ బాక్టీరియా. పాతగోడల మూలలలో, పశువుల కొట్టములలో, జనులు తరతరములుగా వసించిన దిబ్బలలో సురేకారము పేరుకొనుట ఆ కంటికానరాని జీవుల శ్రమఫలమే. బిద్రీ పాత్రపై మనము మెచ్చుకొను నలుపులో వాని పాలు కూడ ఉన్నదనుట అతిశయోక్తి కాదు. అయితే ఏ జింకును, ఏ రాగిని ఆ లవణము నల్లబరచుచున్నదో, ఆ జింకును ఆ రాగియు మోతాదు మించి పొలపు మట్టిలో చేరినచో, మొట్టమొదట మూగబోవు జీవులలో ఈ నైట్రీకరణ బాక్టీరియాయే ఒకటి. ఈ వ్యాసమునకు విషయము అది.

ఈ విషయము బీదరు సీమ రైతునకు ముఖ్యముగా సంబంధించినది. బీదరు తాలూకాలోని మన్నళ్ళి తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న పల్లె. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగునంతవరకు ఈ సీమ యంతయు హైదరాబాదు రాష్ట్రములోనిది; నేడు సంగారెడ్డి జిల్లాలో చేరియున్న జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు నాడు బీదరు జిల్లాలోనివే. రేఖలు మారినను నేల మారలేదు. బీదరు పీఠభూమిపై ఎర్రని లాటరైటు నేలలు, దిగువను నల్లరేగళ్ళు. వానకాలమున పెసర, మినుము, సోయా, కంది. యాసంగిలో శనగ, జొన్న. ఈ ప్రాంతపు రైతు ముఖ్యముగా పప్పుధాన్యపు రైతు. ఆ మాట చెప్పినప్పుడే అతడు బాక్టీరియాపై ఆధారపడిన రైతని కూడ చెప్పినట్లయినది.

ఏలయన, గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్ళు నత్రజనియే అయినను, ఏ మొక్కయు దానిని నేరుగా గ్రహింపజాలదు. కంది, పెసర, శనగ మొదలగు పప్పుజాతి మొక్కల వేళ్ళలోనికి రైజోబియము వర్గపు బాక్టీరియా ప్రవేశించి, అచ్చట చిన్న బుడిపెలను కల్పించి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా మార్చి యిచ్చును. ప్రతిఫలముగ మొక్క తన ఆకులలో తయారైన చక్కెరను వానికి పంపును. 1888లో హాలండు దేశీయుడైన బైయెరింకు ఈ బాక్టీరియాను బుడిపెనుండి వేరుపరచి ప్రపంచమునకు చూపెను. కందిచేను కోసిన పిదప వేసిన జొన్న ఏపుగా పెరుగుటను మన పెద్దలు అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే ఎరుగుదురు. కారణము మాత్రము అప్పుడు తెలిసినది. పూతకు వచ్చిన కందిమొక్కను వేళ్ళు తెగకుండ పెరికి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగు కనబడినచో అందలి బాక్టీరియా పనిచేయుచున్నదని అర్థము. ఆ రంగు మన రక్తములోని హీమోగ్లోబినునకు బంధువైన ఒక మాంసకృత్తుది; అది ఆమ్లజనిని అదుపులో నుంచి, నత్రజనిని పట్టు ఎంజైమును కాపాడును. తెల్లగానో పచ్చగానో ఉన్న బుడిపె ఉండియు లేనిదే.

బుడిపెలలోనివి ఒక తెగ మాత్రమే. ఒక్క గ్రాము మట్టిలో పదికోట్లు మొదలు నూరుకోట్ల వరకు బాక్టీరియా ఉండును. ఎండుటాకులను, పేడను, చచ్చిన వేళ్ళను కుళ్ళబెట్టి మట్టిలో కలుపునవి కొన్ని. రాతిరేణువులలో చిక్కుకొన్న భాస్వరమును కరగించునవి కొన్ని. అమ్మోనియాను నైట్రేటుగా మార్చునవి కొన్ని. గంధకమును మొక్క గ్రహింపదగిన రూపమునకు తెచ్చునవి మరికొన్ని. నేలకు సారమున్నదని మనమనునది ఈ కోటానుకోట్ల జీవుల నిత్యకృత్యమే.

ఇక భారలోహముల మాట. సీసము, పాదరసము, కాడ్మియము, క్రోమియము, నికెలు, రాగి, జింకు మొదలగువానిని ఈ పేరుతో వ్యవహరింతురు. పాషాణము, అనగా ఆర్సెనికు, నిజమునకు పూర్తిగా లోహము కాకున్నను గుణదోషములను బట్టి దానిని కూడ ఈ పంక్తిలోనే కూర్చుండబెట్టిరి. వీనిలో జింకు, రాగి, నికెలు కొలదిమాత్రమున ప్రాణికి ఆవశ్యకములు. మన వరిపొలములలో జింకు లోపించి ఆకులపై తుప్పుమచ్చలు వచ్చుటయు, రైతులు జింకు సల్ఫేటు చల్లుటయు అందరెరిగినదే. అందుచేత జింకును విషమని చెప్పినప్పుడు రైతు ఆశ్చర్యపడుట సహజము. లోపమునకు మందుగా వేసిన జింకు వేరు, కర్మాగారపు మురుగుతోను మలినపు మడ్డితోను ఏండ్లతరబడి వచ్చి చేరిన జింకు వేరు. కాడ్మియము, సీసము, పాదరసములకైతే మట్టిలోని సామాన్య జీవులతో ఎట్టి అవసరమును లేదు. అవి ఎంత స్వల్పముగానున్న అంత మేలు.

ఇవి పొలములకు వచ్చు త్రోవలు అనేకము. లోహపు కొలుముల పొగ, రంగుల, తోళ్ళ, మందుల కర్మాగారముల వ్యర్థజలము, పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించు కుటీరములు, పట్టణపు మురుగునుండి తీసిన మడ్డి, బ్యాటరీలును రంగుడబ్బాలును ఏరివేయక మ్రగ్గబెట్టిన నగరపు చెత్త ఎరువు, కొన్ని దేశముల భాస్వరపు శిలలో సహజముగానే కలిసియుండు కాడ్మియము. వచ్చిన త్రోవలు అనేకమైనను పోవు త్రోవ లేదు. పురుగుమందు ఎంత క్రూరమైనదైనను కాలక్రమమున విచ్ఛిన్నమగును. లోహము మూలపదార్థము గనుక దానిని విచ్ఛిన్నము చేయగల శక్తి ఎండకు లేదు, వానకు లేదు, బాక్టీరియాకును లేదు. ఈ ఒక్క భేదమును మనస్సున నిలుపుకొనినవారికే ఈ కాలుష్యపు గాంభీర్యము బోధపడును.

ఈ సత్యమును ప్రపంచమునకు నేర్పినది ఇంగ్లండులోని ఒక చిన్న పొలము. బెడ్‌ఫర్డ్‌షైరు మండలమందలి వూబర్ను అనుచోట, ప్రసిద్ధమైన రోథామ్‌స్టెడు వ్యవసాయ పరిశోధనాలయమువారు 1942లో ఒక ప్రయోగము ప్రారంభించిరి. యుద్ధకాలము, ఎరువుల కొరత, లండను నగరపు మురుగునుండి తీసిన మడ్డి కూరగాయల సాగుకు పనికివచ్చునా యని తెలిసికొనుట వారి ఉద్దేశము. కొన్ని మళ్ళకు మడ్డిని, కొన్నిటికి పశువుల ఎరువును వేయుచు 1961 వరకు సాగించి, పిదప మడ్డి వేయుట మానిరి. ఆ మడ్డిలో జింకు, రాగి, నికెలు, కాడ్మియము ఉన్నవి. ఇరువదేండ్లకు పైగా గడచిన తరువాత, 1984లో, బ్రూక్సు, మెక్‌గ్రాతు అను శాస్త్రజ్ఞులు ఆ మళ్ళ మట్టిని పరీక్షింపగా, మడ్డి వేసిన మళ్ళలోని సూక్ష్మజీవుల మొత్తము, పశువుల ఎరువు వేసిన మళ్ళలోనిదానిలో సుమారు సగమే ఉండెను. మడ్డి ఆగి రెండు దశాబ్దములైనను నేల తేరుకొనలేదు.

అంతకంటె విస్మయకరమైన సంగతి తరువాత బయటపడినది. ఆ మళ్ళలో తెల్ల క్లోవరు అను పశుగ్రాసపు మొక్కను, అనగా మన పెసర కందుల కుటుంబమునకే చెందిన మొక్కను వేయగా, అది పాలిపోయి గిడసబారినది. లోహము మొక్కనే కొట్టినదని మొదట తోచును. కాని నత్రజని ఎరువు ఇచ్చినప్పుడు అదే మట్టిలో అదే మొక్క చక్కగా ఎదిగినది. దెబ్బ తగిలినది మొక్కకు కాదు, దానికి నత్రజనిని సమకూర్చవలసిన బాక్టీరియాకు. 1989లో గిల్లరు, మెక్‌గ్రాతు, హిర్షు అనువారు మరింత లోతునకు పోయి చూచిరి. బుడిపెలు కట్టు బాక్టీరియా ఆ మట్టిలో పూర్తిగా నశింపలేదు. ఒక్క తెగ మాత్రము బ్రతికియున్నది. అది వేళ్ళపై చిన్న తెల్లని బుడిపెలను కట్టుచున్నది గాని నత్రజనిని పట్టుట లేదు. ప్రక్క మళ్ళలో అనేక తెగలు సమర్థముగా పనిచేయుచుండగా, ఇచ్చట అసమర్థమైన ఒక్క తెగయే లోహమునకు ఓర్చి మిగిలినది. పనిచేయగల తెగను తెచ్చి ఆ మట్టిలో కలిపినను, మొక్క అండ లేనప్పుడు అది కొద్దికాలములోనే నశించినది.

మట్టిని జీవముతోనున్నదని నిర్ణయించుటకు అందులో బాక్టీరియా ఉన్నదా లేదా యని లెక్కించిన చాలదని ఈ ప్రయోగము బోధించుచున్నది. ఉన్నది ఏమి పనిచేయుచున్నదని అడుగవలెను. సంఖ్య నిలిచి పని పోయిన నేలను చూచి మోసపోవుట సులభము; పైకి పచ్చగానే కనబడును, యూరియా వేసిన కొలది పైరు వచ్చును, మరుసటి సంవత్సరము మరికొంత యూరియా కావలసివచ్చును, ఎందుకో ఎవరికిని తెలియదు. మరియొక సంగతి కూడ గమనింపదగినది. ఆ మళ్ళలోని లోహపు పరిమాణములు అతిఘోరమైనవి కావు. నాటి ఐరోపా నియమములు అనుమతించిన హద్దులకు చేరువలోనివే. అందుచేతనే 1993లో బ్రిటనులో నిపుణుల సంఘము కిలోగ్రాము మట్టిలో 300 మిల్లీగ్రాముల జింకు వరకు ఉండవచ్చునను హద్దును 200కు తగ్గింపవలెనని సిఫారసు చేసినది. మనుష్యుని ఆరోగ్యమును కాదు, పశువు ఆరోగ్యమును కాదు, కేవలము మట్టిలోని ఒక బాక్టీరియా ఆరోగ్యమును లెక్కలోనికి తీసికొని హద్దును మార్చదలచుట అరుదైన వివేకమని నా అభిప్రాయము.

కందివేళ్ళలో చేరు బాక్టీరియా క్లోవరు బాక్టీరియా కాదు. అది మెల్లగా పెరుగు వేరొక తెగ. మన నల్లరేగడి ఇంగ్లండు ఇసుకనేల కాదు. అచ్చట జరిగినదంతయు ఇచ్చట అట్లే జరుగునని చెప్పుట తొందరపాటగును. కాని లోహము జీవకణమును కొట్టు విధము అన్ని దేశములందును ఒక్కటియే. పాదరసము, కాడ్మియము గంధకముపై మిక్కుటమైన ఆకర్షణ కలవి. ఎంజైములు అనబడు మాంసకృత్తులలో గంధకమున్న స్థానములను పట్టుకొని వాని ఆకృతిని చెరచును. కాడ్మియము జింకునకు మారుగా ఎంజైములో దూరి, స్థానమునాక్రమించి, పనిమాత్రము చేయదు. ఆర్సెనేటు భాస్వరపు లవణమును పోలియుండుట వలన, భాస్వరము కొరకు కణము తెరచిన ద్వారముననే లోపలికి ప్రవేశించును. రాగి ఎక్కువైనచో ఉగ్రమైన ఆమ్లజని రూపములను పుట్టించి కణపు పొరలను కాల్చివేయును. ఈ దెబ్బలకు తట్టుకొనుటకు బాక్టీరియా తన శక్తిలో పెద్దభాగమును ఆత్మరక్షణకే వినియోగింపవలసి వచ్చును. అందువలన కలుషితమైన నేలలో బాక్టీరియా సంఖ్యతో పోల్చి చూచినచో శ్వాస ఎక్కువ, వృద్ధి తక్కువ; తిన్నదంతయు బొగ్గుపులుసు వాయువుగా పోవుచుండును గాని కొత్త దేహముగా మారదు.

కాలుష్యము తీవ్రమైనచోట ఆ శ్వాస కూడ మందగించును. స్వీడను దేశమున గూసుము అను పట్టణములో తరతరములుగా ఇత్తడి కర్మాగారము నడచినది. ఇత్తడియనగా రాగియు జింకును, బిద్రీలో కలియు రెండు లోహములే. దాని చుట్టునున్న సూదియాకు చెట్ల అడవిలో, రాలిన ఆకులును పుల్లలును కుళ్ళక నేలపై మేటలుగా పేరుకొనుటను 1970 దశాబ్దమున శాస్త్రజ్ఞులు గమనించిరి. కుళ్ళుట ఆగినదనగా, చెట్టు నేలనుండి తీసికొనిన పోషకములు తిరిగి నేలకు చేరుట ఆగినదన్నమాట. కుళ్ళును మనము అశుభముగా భావింతుము. కాని కుళ్ళని అడవికి రేపటి ఆహారము లేదు.

బాక్టీరియా అంతయు నిస్సహాయమనుకొనరాదు. బెల్జియము దేశమున లియేజి నగర సమీపమందలి జింకు కర్మాగారపు తొట్టిలో 1976లో ఒక బాక్టీరియా దొరికినది. జింకు, కాడ్మియము, కోబాల్టు కణములోనికి వచ్చిన వెంటనే వానిని బయటికి తోడివేయు యంత్రాంగము దానికి ఉన్నది. మరికొన్ని జాతులు పాదరసపు విషలవణమును మామూలు పాదరసముగా మార్చి ఆవిరిగా గాలిలోనికి విడుచును. కొన్ని లోహమును ప్రత్యేకపు మాంసకృత్తులతో కట్టివేయును. అత్యంత విషమైన ఆరు సంయోజకతల క్రోమియమును, కరగని స్వల్పవిషమైన మూడు సంయోజకతల క్రోమియముగా మార్చు జాతులు బాసిల్లసు, సూడోమొనాసు వర్గములలో ఉన్నవి. తోళ్ళ కర్మాగారముల చుట్టునున్న నేలలను కొంతవరకైన బాగుచేయుటకు వీనిని వాడు యత్నములు సాగుచున్నవి. ఇవి మెచ్చదగిన పరిశోధనలే. కాని లోహము రూపము మారునే గాని ఉనికి మారదను మాట ఇచ్చట మరువరాదు.

ఈ ఓర్పునకు ఇంకొక ముఖమున్నది; అది మనకు భయము కలిగింపదగినది. లోహమును బయటికి తోడు జన్యువులును, మనుష్యుల వ్యాధులకు వాడు యాంటీబయాటిక్కులకు లొంగకుండునట్లు చేయు జన్యువులును తరచు ఒకే ప్లాస్మిడుపై, అనగా ఒక బాక్టీరియానుండి మరియొకదానికి సులభముగా దాటిపోగల చిన్న జన్యువలయముపై, ప్రక్కప్రక్కన ఉండును. అప్పుడు మట్టిలో మందు ఒక్క చుక్కయు లేకున్నను, లోహమున్నంతకాలము ఆ ప్లాస్మిడుకల తెగలే బ్రతికి వృద్ధిపొందును. లోహపు ఒత్తిడి మందునకు లొంగని గుణమును కూడ పోషించుచున్నదన్నమాట. ఇది మన ఇంటిప్రక్క సంగతియే గనుక కొంత వివరముగా చెప్పవలసియున్నది.

బీదరు జిల్లాను దాటి మంజీర నది సంగారెడ్డి సీమలో ప్రవేశించిన పిదప, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల మీదుగా వచ్చు నక్కవాగు అందులో కలియును. పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి ప్రాంతములలో 1970, 1980 దశాబ్దములనుండి మందుల, రసాయనముల, లోహముల కర్మాగారములు వందలకొలది వెలసినవి. చెరువులు, వాగులు, బావులు చెడినవి. వాగునీటితో పండించిన పొలములు పాడుపడినవి. పటాన్‌చెరులో వైద్యవృత్తిలోనుండిన డాక్టరు కిషన్ రావుగారి వంటివారు దశాబ్దముల తరబడి పోరాడిరి. 1990లో వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరినది. నష్టపడిన రైతులకు పరిహారమునకు ఉత్తర్వులు వెలువడినవి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు మట్టిని పరీక్షించి, సీసము, క్రోమియము, నికెలు, జింకు, ఆర్సెనికు మొదలగునవి సహజ పరిమితిని మించియున్నవని 2001లో ప్రకటించిరి. ఆరేండ్లకు, 2007లో, స్వీడను దేశపు లార్సను, ఆయన సహచరులు మరియొక పరిశోధన వెలువరించిరి. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలము చేరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి బయటికి వచ్చు నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిను ఉన్నదట. ఆ మందు తీసికొన్న రోగి రక్తములో ఉండుదానికంటె అది ఎక్కువ. 2011లో అదే ప్రాంతపు వాగుల మడ్డిని పరీక్షింపగా, మందులకు లొంగని జన్యువులును, వానిని మోసికొనిపోవు ప్లాస్మిడుల ఆనవాళ్ళును విస్తారముగా కనబడినవి. అనగా లోహమును, మందును ఒకే సీమ నేలలను నీళ్ళను ఆక్రమించియున్నవి. రెండింటిలో ఏది ఎంత చెరచినదని విడదీసి చెప్పుట కష్టము. బాక్టీరియాకు ఆ విభజనతో పని కూడ లేదు.

ఆ పటాన్‌చెరుననే 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటు అను అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉన్నది. కంది, శనగ, వేరుశనగ, జొన్నలపై ప్రపంచప్రసిద్ధమైన పరిశోధన అచ్చట జరుగును. ఆ పంటల విత్తనములు వేలకొలది రకములు అచ్చటి భాండారములో భద్రపరుపబడినవి. మేలైన కందివిత్తనమును ప్రపంచమునకిచ్చు సీమయు, కందివేరునకు ఆశ్రయమైన మట్టిని పోగొట్టుకొన్న సీమయు ఒక్కటే యగుట తలచుకొన్నచో మనస్సు కలతపడును. విత్తనము ఎంత గొప్పదైనను దాని వేరు చుట్టు ఉండవలసిన బాక్టీరియాను సంచిలో పోసి శాశ్వతముగా సరఫరా చేయజాలము. రైజోబియము పొట్లములు మంచివే. కాని వూబర్ను మళ్ళలో జరిగినట్లు, విషపూరితమైన నేలలో ఆ బాక్టీరియా నిలువదు.

మన్నళ్ళి చేలు విషపూరితములని నేను చెప్పుట లేదు. బీదరు పట్టణపు సమీపమున కొల్హారు పారిశ్రామిక వాడ ఉన్నది. అచ్చటి వాసనను గూర్చియు నీటిని గూర్చియు చుట్టుపట్ల పల్లెలవారు ఫిర్యాదులు చేయుచునేయున్నారు. పటాన్‌చెరు కూడ ఒకనాడు పచ్చని పల్లెయే. బీదరు సీమ ఇంకను కాపాడుకొనదగిన స్థితిలో ఉన్నది గనుకనే ఈ మాటలు ఇప్పుడు చెప్పవలెను.

నేల స్వభావమును బట్టి ముప్పు మారును. నల్లరేగడిలోని సన్నని జిగురుమన్ను, సున్నపు పాలు, క్షారగుణము లోహమును గట్టిగా పట్టియుంచును. అందుచేత పరిమాణము అధికముగానున్నను బాక్టీరియాకు సోకునది తక్కువగా ఉండవచ్చును. ఎర్ర లాటరైటు నేల ఆమ్లగుణము కలది. ఇనుపతుప్పు రేణువులు కొంత లోహమును పట్టినను, ఆమ్లము హెచ్చినచోట కాడ్మియము, జింకు వదులై నీటిలోనికి వచ్చును. నల్లరేగడి పట్టియుంచినదని నిశ్చింతగా ఉండుటయు తగదు. ఆమ్లపు వ్యర్థజలము పారినచో ఆ పట్టు సడలును. సున్నము వేయుట, సేంద్రియ ఎరువు వేయుట లోహపు తీవ్రతను తగ్గించుమాట నిజము. కాని అవి విషమును కట్టివేయు ఉపాయములే గాని తొలగించు ఉపాయములు కావు. తొలగింపవలెనన్న ఎంత శ్రమయో జపాను దేశము చూపినది. జింజూ నదీతీరమున గనుల కాడ్మియము వరిమళ్ళలో చేరి, ఎముకలు గుల్లబారి బాధతో మూలుగు ఇతాయి ఇతాయి వ్యాధిని కలిగింపగా, 1968లో ప్రభుత్వము కారణమును ఒప్పుకొన్నది. తరువాత ఆ మళ్ళ మట్టిని పూడ్చి, పైన క్రొత్త మట్టిని పరచు కార్యము 1979లో మొదలై 2012లో గాని ముగియలేదు. అంతటి ధనము, అంతటి ఓపిక మన పల్లెలకు ఎచ్చటినుండి వచ్చును?

కావున లోహమును పొలపు గట్టునకు ఆవలనే నిలుపుట తప్ప వేరు మార్గము లేదు. నగరపు చెత్తనుండి చేసిన ఎరువు కొనునప్పుడు దాని పరీక్షాపత్రమును అడుగు హక్కు రైతునకు ఉన్నది. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము అట్టి ఎరువు కిలోగ్రాములో కాడ్మియము 5, సీసము 100, క్రోమియము 50, నికెలు 50 మిల్లీగ్రాములకు మించరాదు. కర్మాగారపు మడ్డిని ఉచితముగా తెచ్చి పోసెదమనువారిని నమ్మరాదు. రాత్రివేళ ట్యాంకరులో వచ్చి వాగులో విడుచు నీటిని పంచాయతీ చూచి ఊరకుండరాదు.

ప్రభుత్వములతో చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్యపత్రము పండ్రెండు అంశములను కొలుచును: నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఆమ్లక్షార స్థితి, లవణత, సేంద్రియ కర్బనము. జింకును రాగిని అది కొలుచుట లోపమున్నదా యని తెలిసికొనుటకే; కాడ్మియము, సీసము, క్రోమియము, ఆర్సెనికుల మాట అందులో లేదు; మట్టిలోని ప్రాణులు పనిచేయుచున్నవా యను మాట అసలే లేదు. ఆ పని కొలుచుట అసాధ్యము కాదు. టి.టి.సి. అను రంగులేని ద్రావణమును మట్టిలో కలిపి ఒక దినము వెచ్చగా ఉంచినచో, ప్రాణమున్న మట్టి దానిని ఎర్రగా మార్చును. ఎరుపు ఎంత చిక్కనైన అంత జీవము. రాగి అధికముగా ఉన్నచోట ఈ పరీక్ష పొరబాటు చూపుననుమాట పరీక్షకులు గుర్తుంచుకొనవలెను. అట్టిచోట శ్వాసను కొలుచుట మేలు. ఏ సాధారణ ప్రయోగశాలలోనైనను ఈ పరీక్షలు జరుపవచ్చును.

కర్మాగారపు వాడలకు చేరువనున్న ప్రతి పల్లెలోను, బీదరులోనైనను, జహీరాబాదులోనైనను, పటాన్‌చెరులోనైనను, ఆరోగ్యపత్రమునకు ఈ లోహముల పరీక్షను, మట్టి జీవపు పరీక్షను తప్పక చేర్పవలెనని కర్ణాటక, తెలంగాణ వ్యవసాయశాఖలను కోరుచున్నాను. ఆ పరీక్ష వచ్చువరకు రైతు సోదరులు తమ చేతనైన పరీక్షను చేసికొనవలెను. వచ్చు కందిపూత కాలమున చేనిలో నాలుగుమూలలను ఒక్కొక్క మొక్కను పెరికి బుడిపెలను చీల్చి చూడుడు. ప్రక్కచేలలో గులాబిరంగు ఉండి మీ చేనిలో తెలుపే కనబడినచో, యూరియా బస్తాకు పోవుటకు ముందు ఆ చేనికి ఏ నీరు పారినదో, ఏ ఎరువు పడినదో విచారించి, మట్టిని కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపుడు.